విద్యార్థి - వాక్స్వాతంత్ర్యం

పాఠ్యభాగ ఉద్దేశం

భావప్రకటన స్వేచ్ఛ భారత రాజ్యాంగం పౌరులకు ప్రసాదించిన ప్రాథమిక హక్కు. ఇంకా ఓటుహక్కు రాని విద్యార్థికి ఈ హక్కు వర్తిస్తుందా? వర్తిస్తే దాని హద్దులేమిటి? ఆ హద్దులను నిర్ణయించే అధికారం ఎవరిది? పత్రికలకు సంబంధించిన చట్టాలు విద్యాలయ ప్రాంగణంలో ఏ మేరకు ప్రవేశిస్తాయి? ఈ ప్రశ్నలకు తెలుగునేల చరిత్ర ఆధారంగా సమాధానం వెదకడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి పేరు వినగానే ఎవరికైనా నాట్యం స్ఫురిస్తుంది. ఆ నాట్య సంప్రదాయంతో ముడిపడిన ఒక కథనం మాత్రం నాట్యాన్ని అభ్యసించేవారే కాక విద్యార్థులందరూ తెలుసుకోదగినది. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో మాచుపల్లి కైఫీయతు ఒకటి. 16వ శతాబ్ది తొలినాళ్ళలో సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు ధనాశతో ప్రజలను, స్త్రీలను సైతం, చిత్రహింసలకు గురిచేసేవాడట. ఆ దారిన పోతూ ఈ ఘోరాన్ని తెలుసుకొన్న కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, వీరనరసింహరాయల సముఖంలో ఆ హింసనే వేషాలు కట్టి ఆడి చూపారు. రాయలు విషయం విచారించి, సైన్యాన్ని పంపి, గురవరాజును బంధించి శిక్షించాడు. కూచిపూడి భాగవతులను పేర్కొన్న ప్రాచీన ఆధారాలలో ఈ కైఫీయతు ముఖ్యమైనది.

నేటి పరిభాషలో చెప్పాలంటే, పత్రికలు లేని కాలంలో ఆ భాగవతులు విలేకరుల పని చేశారు. చూసిన అన్యాయాన్ని దాచకుండా, దానిని సరిదిద్దగల వారి ఎదుట నిలబడి చెప్పారు. అయితే ఇక్కడ ఆలోచించదగిన విషయం ఒకటుంది. రాయలు చెవి ఒగ్గాడు కనుక వారి మాట నెగ్గింది. ఆయన ఆగ్రహించి ఉంటే వారిని కాపాడే శాసనమేదీ ఆనాడు లేదు. వారి స్వేచ్ఛ రాజు దయపై ఆధారపడినది. దయగా దొరికినది దయ తప్పిననాడు చేజారిపోతుంది. హక్కుగా దొరికినది మాత్రం పాలకుడు అలిగినా నిలుస్తుంది. మాట దయనుండి హక్కుగా ఎదగడానికి మరో నాలుగున్నర శతాబ్దాలు పట్టింది. ఆ నడుమ దండనకాలం ఒకటి గడిచింది.

ఆంగ్లేయుల పాలనలో ముద్రణ యంత్రాలతోపాటు ముద్రణపై చట్టాలూ వచ్చాయి. 1867లో వచ్చిన పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రతి ముద్రిత ప్రతిపైన ముద్రాపకుని పేరు, ముద్రణాలయ స్థలం ఉండాలని నిర్దేశించింది. పత్రిక నడపదలచిన వారు మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన దాఖలు చేయాలి. ఈ నిబంధనకు రెండు ముఖాలున్నాయి. రాసిన దానికి బాధ్యులెవరో పాఠకునికి తెలియడం మొదటిది. ఎవరిని పట్టుకోవాలో ప్రభుత్వానికి ముందే తెలియడం రెండవది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం తనకు నచ్చని నాటకాలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1878 నాటి దేశభాషా పత్రికల చట్టం మరింత కఠినమైనది. దానికింద ప్రభుత్వం దేశభాషా పత్రికల ముద్రాపకుల నుండి హామీపత్రం రాయించుకొని, జరిమానా ధరావతు కట్టించుకోవచ్చు. ఆంగ్ల పత్రికలకు ఆ నిర్బంధం లేదు. చట్టం భాషను బట్టి మనుషులను వేరుచేసిందన్న విమర్శ చెలరేగింది. రిప్పన్ వైస్రాయిగా ఉన్న కాలంలో ఆ చట్టం రద్దయింది. భారత శిక్షాస్మృతిలోని 124-ఎ సెక్షను మాత్రం నిలిచింది. ప్రభుత్వంపై ద్వేషాన్ని గాని, ధిక్కారాన్ని గాని, అప్రీతిని గాని కలిగించే మాటా రాతా రాజద్రోహమని ఆ సెక్షను చెప్పింది.

ఆ చట్టాల బరువు ఒక విద్యార్థి జీవితంపై ఎలా పడిందో గాడిచర్ల హరిసర్వోత్తమరావు చరిత్ర తెలుపుతుంది. 1883లో కర్నూలులో జన్మించిన ఆయన ఎం.ఏ. పట్టా పొంది, ఉపాధ్యాయ శిక్షణకోసం రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో చేరారు. 1907 ఏప్రిల్‌లో వందేమాతరం ఉద్యమ ప్రచారానికై బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట ఉన్నారు. రాజమహేంద్రవరంలో పాల్ ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. బెజవాడలో, మచిలీపట్నంలో కూడా పాల్ సభలు జరిగాయి. విద్యార్థులు తండోపతండాలుగా ఆ సభలకు వెళ్ళారు. రాజమహేంద్రవరం విద్యార్థులు వందేమాతరం చిహ్నాలను ఛాతీపై ధరించి తరగతులకు వచ్చారు. వారిపై ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కఠినచర్య తీసుకొన్నారు. వందకు పైగా విద్యార్థులు కళాశాలకు దూరమయ్యారు. నాయకుడుగా గుర్తింపు పొందిన హరిసర్వోత్తమరావు బహిష్కృతులయ్యారు. ప్రభుత్వోద్యోగ ద్వారం కూడా ఆయనకు మూసుకుపోయింది.

ఆ విద్యార్థులు ఎవరినీ కొట్టలేదు, ఏ ఆస్తినీ ధ్వంసం చేయలేదు. రెండు పదాలున్న చిన్న చిహ్నాన్ని ధరించారు. ఉపాధ్యాయుడు కావలసిన యువకుని భవిష్యత్తును ఆ చిహ్నం మార్చివేసింది. తన పక్షాన చెప్పుకోవడానికి గాని, శిక్ష న్యాయమైనదా కాదా అని అడగడానికి గాని ఆయనకు ఏ హక్కుపత్రమూ లేదు.

కళాశాల గెంటివేసిన యువకుడు పత్రికను ఆశ్రయించారు. 1908లో బోడి నారాయణరావుతో కలిసి బెజవాడ నుండి ‘స్వరాజ్య’ వారపత్రికను వెలువరించారు. ఆ ఏడాది మార్చి నెలలో తమిళదేశంలోని తిరునెల్వేలిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై అరెస్టుతో ప్రజలలో కల్లోలం రేగింది. పోలీసులు కాల్పులు జరిపారు. దానిని ఖండిస్తూ ‘విపరీత బుద్ధి’ అనే వ్యాసం ‘స్వరాజ్య’లో వచ్చింది. ప్రభుత్వం 124-ఎ సెక్షను కింద రాజద్రోహ నేరం మోపింది. కింది కోర్టు వేసిన శిక్ష చాలదని ప్రభుత్వం పైకి పోగా, మద్రాసు హైకోర్టు దానిని మూడేళ్ళకు పెంచింది. ఆయనను వేలూరు చెరసాలలో సామాన్య నేరస్థులతో సమానంగా కఠినంగా చూశారు. పత్రిక ఆగిపోయింది.

విడుదలైన తరువాత ఆయన మాటపై విశ్వాసం వదులుకోలేదు. పత్రికారచన కొనసాగించారు. గ్రంథాలయోద్యమానికీ, వయోజన విద్యకూ జీవితాన్ని అంకితం చేశారు. విజయవాడలోని సర్వోత్తమ భవనం నేటికీ ఆయన పేరును నిలుపుతున్నది. పరాయి ప్రభుత్వ విద్యాలయాల పరిమితులను గుర్తించిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య కూచిపూడికి సమీపంలోని మచిలీపట్నంలో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి రావడంతో పరిస్థితి మౌలికంగా మారింది. 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యాన్ని, భావప్రకటన స్వేచ్ఛను హామీ ఇచ్చింది. పత్రికా స్వేచ్ఛ అనే మాట రాజ్యాంగంలో ప్రత్యేకంగా లేదు. అది భావప్రకటన స్వేచ్ఛలోనే ఇమిడి ఉందని సుప్రీంకోర్టు తీర్పులు స్పష్టం చేశాయి. వాటిలో తొలి తీర్పులలో ఒకటి మద్రాసు రాష్ట్రానికి సంబంధించినదే. ఆనాటికి కృష్ణాజిల్లా ఆ రాష్ట్రంలో భాగం. రమేశ్ థాపర్ బొంబాయి నుండి నడిపిన ‘క్రాస్ రోడ్స్’ వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పంపిణీ లేనిదే ప్రచురణకు విలువ లేదని భావించి, 1950 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. పత్రిక రాసేవారి స్వేచ్ఛతోపాటు, కృష్ణాతీరంలో దానిని చదవగోరేవారి స్వేచ్ఛ కూడా ఈ తీర్పుతో నిలిచింది.

ఏ హక్కూ నిరపేక్షం కాదు. 19(2) అధికరణం ఈ స్వేచ్ఛకు హద్దులను పేర్కొంటుంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, న్యాయస్థాన ధిక్కారం, పరువునష్టం, నేరప్రేరణ అనే అంశాల విషయంలో ప్రభుత్వం పరిమితులు విధించవచ్చు. 1951 నాటి మొదటి సవరణ వీటిలో కొన్నింటిని చేర్చింది. అదే సవరణ ఆ పరిమితులు ‘సమంజసమైనవి’గా ఉండాలనీ చెప్పింది. ఇక్కడ రెండు మాటలు విద్యార్థి మనసున నాటుకోవాలి. పరిమితి ‘చట్టం’ ద్వారా రావాలి. అది ‘సమంజసం’గా ఉండాలి. అధికారికి కోపం రావడం చట్టం కాదు. తనకు నచ్చకపోవడం సమంజసమైన కారణం కాదు.

ఇంటర్మీడియట్ విద్యార్థికి సాధారణంగా పదహారు, పదిహేడేళ్ళు ఉంటాయి. ఓటుహక్కు పద్దెనిమిదేళ్ళకు గాని రాదు. అందుచేత తనకు రాజ్యాంగ హక్కులేవీ లేవని భావించడం పొరపాటు. 19వ అధికరణం ‘పౌరులందరికీ’ అంటుంది. వయసు నియమం పెట్టలేదు. బాలల హక్కులపై 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోని 13వ అధికరణం బాలలకు భావప్రకటన స్వేచ్ఛను ప్రత్యేకంగా గుర్తించింది. భారతదేశం 1992లో దానిలో చేరింది.

ఈ హక్కు పాఠశాలలో ఎలా పనిచేస్తుందో 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీర్పు చూపింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతాలాపన సమయంలో గౌరవంగా లేచి నిలబడేవారు గాని, తమ మతవిశ్వాసం కారణంగా పాడేవారు కాదు. 1985లో పాఠశాల వారిని తొలగించింది. సుప్రీంకోర్టు ధర్మాసనంలోని జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తీర్పు రాశారు. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన తెలుగువారు. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఉన్నదని ఆ తీర్పు గుర్తించింది. పాఠశాల ఆధారంగా చూపినవి విద్యాశాఖ సర్క్యులర్లు. వాటికి శాసనబలం లేదనీ, శాసనబలం లేని ఆదేశాలతో ప్రాథమిక హక్కును హరించరాదనీ తీర్పు స్పష్టం చేసింది. పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. 1907లో రాజమహేంద్రవరంలో అడగడానికి వీలులేని ప్రశ్నను 1986లో ముగ్గురు పిల్లలు దేశపు అత్యున్నత న్యాయస్థానంలో అడగగలిగారు. దండనకాలానికీ హక్కుల కాలానికీ గల భేదం ఇదే.

ఇదే ప్రశ్న ఇతర దేశాలలోనూ తలెత్తింది. 1965లో అమెరికాలోని డెమోయిన్ నగరంలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్లపట్టీలు కట్టుకొని వస్తే, పాఠశాల వారిని సస్పెండు చేసింది. 1969లో అక్కడి సుప్రీంకోర్టు, విద్యార్థి పాఠశాల గుమ్మం దగ్గర తన హక్కులను విడిచి లోపలికి రానక్కరలేదని తీర్పు చెప్పింది. బోధనకు గణనీయమైన ఆటంకం కలిగినప్పుడే నిరసనను ఆపవచ్చునన్నది. అయితే 1988 నాటి హేజిల్‌వుడ్ కేసులో అదే న్యాయస్థానం వేరొక అంశాన్ని గుర్తించింది. పాఠ్యక్రమంలో భాగంగా పాఠశాల తన ఖర్చుతో నడిపే విద్యార్థి పత్రికలో, విద్యాపరమైన సమంజస కారణాలుంటే ప్రిన్సిపాల్ వ్యాసాలను తొలగించవచ్చునని చెప్పింది. అమెరికా తీర్పులు మన న్యాయస్థానాలను బంధించవు. కాని విద్యార్థి తన ఒంటిపై ధరించినదానికీ, విద్యాలయం తన పేరుతో ప్రచురించేదానికీ భేదముందన్న వివేకం మనకూ అవసరమే.

మన దేశంలో విద్యార్థి పత్రికలకు ప్రత్యేకమైన చట్టం లేదు. కళాశాల వార్షిక సంచిక విద్యాసంస్థ పేరుతో, దాని బాధ్యతపై వెలువడుతుంది. సంపాదక వర్గం ఒక వ్యాసాన్ని స్వీకరించకపోయినంత మాత్రాన హక్కుకు భంగం కలిగినట్లు కాదు. ఏ పత్రికలోనైనా ఎంపిక తప్పదు. ఎంపికకు నియమాలు ముందే తెలియజేయడం, తిరస్కరణకు కారణం చెప్పడం, విమర్శ అన్న ఒక్క సాకుతో రచనను తోసిపుచ్చకపోవడం సంస్థ పాటించవలసిన న్యాయం. చేతితో రాసి అంటించే గోడపత్రికకు రిజిస్ట్రేషన్ ప్రసక్తి లేదు. వార్తలను, వాటిపై వ్యాఖ్యలను నియతకాలంలో ముద్రించి వెలువరించదలచిన విద్యార్థులు మాత్రం చట్టాన్ని తెలుసుకోవాలి. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో ప్రెస్, నియతకాలికల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అది 2024 మార్చి 1 నుండి అమలులో ఉన్నది. పుస్తకాలు, విద్యావిషయిక పత్రికలు దాని పరిధిలోకి రావు.

రిజిస్ట్రేషన్ అవసరం లేని చోట కూడా కొన్ని చట్టాలు వర్తిస్తాయి. వాటిలో పరువునష్టం ముఖ్యమైనది. ఒక ఉదాహరణ చూద్దాం. వసతిగృహంలో తాగునీరు మురికిగా వస్తున్నదని ఒక విద్యార్థి గోడపత్రికలో రాశాడనుకొందాం. నీటిని స్వయంగా చూసి, తోటివారిని విచారించి, బాధ్యులను వివరణ అడిగి రాస్తే అది ప్రజాహితమైన రచన. దానిని చింపివేయడం అన్యాయం. అదే విద్యార్థి ఏ ఆధారమూ లేకుండా వార్డెను నిధులు కాజేశాడని పేరుపెట్టి రాస్తే అది పరువునష్టం కావచ్చు. ప్రజాహితం కోసం చెప్పిన సత్యం, ప్రజాసేవకుల విధినిర్వహణపై సద్బుద్ధితో చేసిన విమర్శ పరువునష్టం కావని చట్టమే మినహాయింపులు ఇచ్చింది. అంటే ఆధారం సేకరించిన శ్రమే రచయితకు కవచం. అట్లే, నేరబాధితులైన గాని, నేరారోపణకు గురైన గాని బాలబాలికల పేరు, ఫొటో, పాఠశాల వంటి గుర్తింపు వివరాలు ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తున్నది. తోటి విద్యార్థికి జరిగిన అన్యాయాన్ని ఖండించే ఉత్సాహంలో ఆ విద్యార్థినే లోకానికి పట్టివ్వకూడదు.

నేడు చేతిఫోను ఉన్న ప్రతివారూ ఒక విధంగా ప్రచురణకర్తలే. 2012లో ముంబయి సమీపంలోని పాల్ఘర్‌లో ఇద్దరు యువతులను ఫేస్‌బుక్ వ్యాఖ్య విషయమై అరెస్టు చేశారు. సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ సెక్షను చికాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను కూడా నేరంగా పరిగణించేది. చికాకు అంటే ఏమిటో కొలవడం ఎవరి తరం? న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్ ఆ సెక్షనును సవాలు చేశారు. నేరమేదో స్పష్టంగా చెప్పని సెక్షను రాజ్యాంగ విరుద్ధమని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. హరిసర్వోత్తమరావును చెరసాలకు పంపిన 124-ఎ సెక్షనుకు కూడా కాలక్రమంలో మార్పు వచ్చింది. హింసకు, అల్లర్లకు పురికొల్పే మాటలకే అది వర్తిస్తుందని 1962లో సుప్రీంకోర్టు దాని పరిధిని కుదించింది. 2022 మేలో దాని అమలును నిలిపివేసింది. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత అమలులోకి రావడంతో పాత శిక్షాస్మృతి తొలగిపోయింది. కొత్త సంహితలోని 152వ సెక్షను దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు ప్రమాదం కలిగించే చర్యలను నేరంగా పేర్కొంటున్నది. ప్రభుత్వ చర్యలను మార్చాలని కోరుతూ చట్టబద్ధంగా చేసే విమర్శ నేరం కాదని దాని వివరణ చెబుతున్నది.

విద్యాలయానికి క్రమశిక్షణ ప్రాణం. బోధన సాగకుండా కేకలు వేయడం, తోటివారిని కులం పేరుతో గాని, మతం పేరుతో గాని కించపరచడం భావప్రకటన కాదు. వాటిని అరికట్టే బాధ్యత ఉపాధ్యాయులకు ఉంది. అయితే క్రమశిక్షణకు, మౌనానికి భేదముంది. ప్రశ్నించిన విద్యార్థిని శిక్షించే ముందు ఏ నియమం ఉల్లంఘించాడో చెప్పాలి. అతని వాదన వినాలి. తప్పుకు తగిన శిక్షే వేయాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా క్రమశిక్షణ అధికార దర్పంగా మారుతుంది. విద్యార్థికీ మూడు ధర్మాలున్నాయి. తెలుసుకొని మాట్లాడాలి. తన పేరుతో మాట్లాడాలి. తనను విమర్శించేవారికీ అదే హక్కు ఉన్నదని ఒప్పుకోవాలి.

విజయనగర ఆస్థానంలో కూచిపూడి భాగవతులకు రాజు దయ అండగా నిలిచింది. బెజవాడ పత్రికా సంపాదకునికి ఆ దయ కూడా లేకపోయింది. నేటి విద్యార్థికి రాజ్యాంగం అండగా ఉన్నది. అయినా రాజ్యాంగం తనంత తాను వచ్చి ఎవరి పక్షానా మాట్లాడదు. హక్కును ఎరిగి, హద్దును గౌరవించి, ఆధారంతో నోరు విప్పేవారికే అది ఆయుధమవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

కైఫీయతు = గ్రామ చరిత్రను తెలిపే స్థానిక వృత్తాంతం
సముఖం = ఎదురు, సన్నిధి
ముద్రాపకుడు = అచ్చు వేయించేవాడు
ధరావతు = హామీగా కట్టే సొమ్ము
నిరపేక్షం = దేనిపైనా ఆధారపడనిది, హద్దులేనిది
దర్పం = గర్వం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గాడిచర్ల హరిసర్వోత్తమరావు జీవితం ఆధారంగా ఆంగ్లపాలనలో విద్యార్థుల, పత్రికల స్థితిని వివరించండి.
2. విద్యార్థి వాక్స్వాతంత్ర్యానికి గల రక్షణలను, హద్దులను చర్చించండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీర్పులోని ముఖ్యాంశాలేమిటి?
2. ‘క్రాస్ రోడ్స్’ పత్రిక నిషేధం ఎందుకు చెల్లలేదు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. దయగా దొరికినది దయ తప్పిననాడు చేజారిపోతుంది.
2. ఆధారం సేకరించిన శ్రమే రచయితకు కవచం.